పునీతుడి అంగీ, తహసీల్దారు కాగితం

గోదావరి తీరాన సింగరేణి బస్తీల నడుమ ఉన్న ఒక కథోలిక విచారణకు పాలక పునీతుడు అస్సీసిపుర ఫ్రాన్సిస్. ఏటా అక్టోబరు మొదటి వారంలో అక్కడ పండుగ. నిరుటి పండుగ సాయంత్రం పిల్లలు ఆయన జీవితాన్ని నాటికగా వేశారు. గోనెగుడ్డతో కుట్టిన అంగీ తొడుక్కొని, నడుముకు తాడు బిగించుకొని, తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు ఫ్రాన్సిస్ వేషం కట్టాడు. కుష్ఠురోగిని కౌగిలించుకొనే ఘట్టంలో వాడి ముఖంలోని వెలుగు చూసి నేను ఫొటో తీశాను. పత్రికకు వ్యాసం రాస్తున్నాననీ, ఈ ఫొటో పంపుతాననీ వాడి తల్లితో చెప్పాను. ఆమె ముఖం వాడిపోయింది. "వద్దు సార్. వాని కులం సర్టిఫికెట్ ఇంక రాలె. ఎవలన్న సూత్తె మాకు కష్టమైతది" అన్నది.

ఆమె ఎదుటే ఫొటో తుడిచేశాను. ఆ విచారణ పేరు కూడా ఇక్కడ రాయడం లేదు.

ఆ రోజు ప్రసంగమంతా శాంతి గురించే. మా జిల్లాల్లో ఆ మాటకు వేరే చరిత్ర ఉంది. 1978లో జగిత్యాల జైత్రయాత్ర తర్వాత జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది శాంతిభద్రతల పేరుతోనే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద తుపాకులు పేలిందీ ఆ పేరుతోనే. కనుక కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పుట్టినవాడు శాంతి అనే మాట వింటే, ఎవరిని నోరు మూసుకోమంటున్నారని ముందుగా వెతుకుతాడు. తెలుగు పూజాభాషలో శాంతికి 'సమాధానం' అంటారు. వాడుకలో ఆ మాటకు జవాబు అని అర్థం. ఆ రెండో అర్థం గుడిలో ఎప్పుడూ వినిపించదు.

ఫ్రాన్సిస్ కోరిన శాంతి ఎటువంటిది? ఆయన ఇటలీలోని అస్సీసి పట్టణంలో బట్టల వర్తకుడి కొడుకు. వీరుడు కావాలని కలలు కన్నాడు. 1202లో పొరుగున ఉన్న పెరూజియాతో జరిగిన యుద్ధంలో పట్టుబడి దాదాపు ఏడాది చెరలో ఉన్నాడు. ఆనాటి అస్సీసిలో మనుషులు రెండు వర్గాలు: 'పెద్దవారు', 'చిన్నవారు'. తన అనుచరులకు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు ఆయన ఎంచుకున్నది 'చిన్న సోదరులు' అన్న పేరు. అంటే పట్టణం ఎవరిని తక్కువగా చూసిందో వారి పేరునే తన సభకు పెట్టుకున్నాడు. మరణానికి ముందు రాయించిన వీలునామాలో తన మారుమనసు ఎక్కడ మొదలైందో స్వయంగా చెప్పాడు. అది గుడిలో కాదు, ఊరి వెలుపల కుష్ఠురోగుల నడుమ. 1219లో క్రూసేడుల మధ్య ఈజిప్టు వెళ్లి, శత్రువుగా ప్రకటితుడైన సుల్తాను అల్ కామిల్‌ను ఆయుధం లేకుండా కలిశాడు. ఆఖరి రోజుల్లో అస్సీసి మేత్రాణులకూ నగరాధికారికీ వైరం ముదిరితే, ఆ తగవు లేనట్టు నటించమని ఎవరికీ చెప్పలేదు. ఇద్దరినీ ముఖాముఖి నిలబెట్టాడు. ఆయన పేరుతో ప్రతి పండుగలో పాడే ప్రసిద్ధ శాంతి ప్రార్థన మాత్రం ఆయనది కాదు. అది 1912లో ఒక ఫ్రెంచి పత్రికలో రచయిత పేరు లేకుండా అచ్చయింది. మంచి ప్రార్థనే, కానీ దానిలో కుష్ఠురోగి లేడు.

2026 అక్టోబరు 3కు ఆయన కన్నుమూసి 800 ఏళ్లు. ప్రపంచమంతటా ఉత్సవాలు జరుగుతున్న ఈ వేళ, మా బస్తీలో ఆయన వేషం కట్టిన పిల్లవాడు ఆ సంగతి ప్రభుత్వానికి తెలియకుండా దాచుకోవాలి. ఎందుకంటే వాడు మాదిగ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్థుడు కాడు. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ ఆ తలుపు తెరుచుకుంది. క్రైస్తవులకూ ముస్లింలకూ ఇప్పటికీ మూసే ఉంది. అదే నాటికలో పక్షుల వేషం కట్టిన గోండు పిల్లల హోదాకు మాత్రం ఢోకా లేదు. ఎస్టీ గుర్తింపునకు మతంతో ముడి లేదు. ఒకే బల్ల మీద కూర్చుని ఒకే సత్ప్రసాదం పుచ్చుకున్న పిల్లల్లో ఒకరికి మతం అడ్డు కాదు, ఇంకొకరికి ఉన్నదంతా పోతుంది.

మా నాన్న బొగ్గుబావి కార్మికుడు. అబద్ధం ఆడలేక మాకు బీసీ-సీ అని రాయించాడు. దళితుల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారి కోసం 1970 నాటి అనంతరామన్ కమిషన్ చూపిన గుంపు అది. దాని వాటా 1 శాతం. నిజం చెప్పినందుకు మాకు దక్కింది అది. నిజం చెప్పని వారిని నేను నిందించలేను. కానీ వారి భయం ఇప్పుడు రెట్టింపయింది. 2024 నవంబరులో పుదుచ్చేరి మహిళ కేసులో సుప్రీంకోర్టు, జ్ఞానస్నానం పొంది చర్చికి వెళుతూ రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమే అన్నది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవుడైన దళితుడికి అత్యాచార నిరోధక చట్టం రక్షణ వర్తించదన్నది. తిట్టేవాడు మాత్రం బైబిలు చూసి ఆగడు, మాదిగోడా అనే తిడతాడు.

ఇంతవరకు తప్పు రాజ్యానిది. కానీ 1985 నాటి సూసై కేసును విద్యార్థులు ఒకసారి జాగ్రత్తగా చదవాలి. సూసై మద్రాసులో చెప్పులు కుట్టే దళిత క్రైస్తవుడు. రోడ్డు పక్కన చెప్పులు కుట్టే హిందూ దళితులకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన బంకు తనకూ ఇవ్వమని అడిగాడు. సుప్రీంకోర్టు కాదన్నది. మతం మారిన తర్వాత కూడా కులం వల్ల కలిగే వైకల్యాలు అంతే తీవ్రంగా కొనసాగుతున్నాయని రుజువు చూపాలన్నది ఆ తీర్పు సారం. ఆ రుజువు ఎక్కడుంది? చర్చి దగ్గరుంది. గుడి శుభ్రం చేసేదెవరో, తేరు ముందు కొయ్యను భుజాన పట్టేదెవరో, పెళ్లి సంబంధం కుదిరేటప్పుడు మొదట అడిగేదేమిటో విచారణ గురువుకు తెలియదా?

మా విచారణలో గుంటూరు వైపు నుంచి భూములు కొనుక్కొని వచ్చిన రెడ్డి కథోలిక కుటుంబాలున్నాయి. వారి పూర్వీకుల్లో కొందరు 18వ శతాబ్దంలోనే యేసుసభ గురువుల కర్ణాటక మిషన్ ద్వారా విశ్వాసంలోకి వచ్చారు. మాకంటే పాత క్రైస్తవులు, పేరు చివరి తోకను మాత్రం జ్ఞానస్నానపు నీళ్లు కడగలేదు. సమాధుల తోటలో నడిమి బాటకు అటూ ఇటూ ఎవరెవరు పడుకున్నారో పేర్లు చదివితే తెలుస్తుంది. మాల క్రైస్తవులూ మేమూ వియ్యమందుకోవడం కూడా అరుదే. ఆ మాట చెప్పకుండా రెడ్లను మాత్రమే అనడం న్యాయం కాదు.

కేరళ నుంచి వచ్చిన మా గురువు దొడ్డ మనిషి. అర్ధరాత్రి రోగిని తన బండి మీద మంచిర్యాల ఆసుపత్రికి చేర్చడం నేను చూశాను. ఆయన కూడా "క్రీస్తులో కులం లేదు" అంటాడు. ఆశయంగా అది ఎంతో గొప్ప మాట. నివేదికగా రాస్తే అబద్ధం. ఆ అబద్ధమే కోర్టులో ఆ పిల్లవాడికి ఎదురు సాక్ష్యమవుతుంది: మీలో కులం లేదని మీరే అంటున్నారు కదా, మరి ఏ వైకల్యానికి పరిహారం అడుగుతున్నారు? దళిత క్రైస్తవుడు తహసీల్దారు ముందు తన దేవుడిని దాచుకుంటాడు, బలిపీఠం ముందు తన కులాన్ని దాచుకుంటాడు. మన పండుగల్లో శాంతి అని మెచ్చుకొంటున్నది ఈ రెండు మౌనాలనే.

చర్చి ఎన్నడూ ఒప్పుకోలేదనడం కూడా సరికాదు. 2016 డిసెంబరులో భారత కథోలిక మేత్రాణుల సమాఖ్య దళిత సాధికారత విధానాన్ని వెలువరించింది. దేశంలోని సుమారు కోటి 90 లక్షల కథోలికుల్లో కోటి 20 లక్షల మంది దళితులేననీ, సంఘంలో అంటరానితనం ఉందనీ, నాయకత్వంలో దళితులు అతి తక్కువనీ ఒప్పుకొన్నది. 2000లో మారంపూడి జోజి హైదరాబాద్ అగ్రపీఠాధిపతి అయ్యారు. అదే పీఠం నుంచి పూల ఆంథోని 2022లో తొలి దళిత కార్డినల్ అయ్యారు. ఆ ఏడాదే పునీతుడిగా ప్రకటితుడైన దేవసహాయం పేరు నుంచి పిళ్లై అన్న కులనామాన్ని రోము తొలగించింది. అదే సంవత్సరం అక్టోబరులో, మతం మారిన దళితుల హోదాను పరిశీలించడానికి కేంద్రం బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. రోము దాకా చేరిన ఆ మాట మా బస్తీ ప్రసంగవేదిక దాకా రాలేదు. ఆ విధాన పత్రాన్ని మా గుడిలో చదవగా నేను వినలేదు.

పండుగ మరునాడు విచారణ సంఘం పెద్దలు లెక్కలు చూసుకోవడానికి కూర్చున్నారు. నేనూ వెళ్లాను. 800 ఏళ్ల ఉత్సవానికి కొత్త స్వరూపం, కొత్త తేరు చేయించాలన్న ప్రతిపాదన వచ్చింది. నేను రెండు సంగతులు అడిగాను. ఆ పత్రాన్ని మూడు ఆదివారాలు తెలుగులో చదివించండి. మన సమాధుల తోటలో, పెళ్లిళ్లలో, సంఘం పదవుల్లో కులం ఎంత ఉందో మనమే లెక్క తీసి, గురువుగారి సంతకంతో పీఠానికీ కమిషన్‌కూ పంపండి. ఆ కుర్రవాడి తల్లి గది చివర చీపురు పట్టుకొని నిలబడి వింటోంది. గురువుగారు తన పుస్తకంలో ఏదో రాసుకున్నారు. పక్కనున్న పెద్దమనిషి నా చేయి మీద ఆప్యాయంగా తట్టి అన్నాడు: "పండగ పూట ఇవన్నీ ఎందుకు సార్, అంతా ప్రశాంతంగానే ఉందిగా!"