చండశాసనుడు

బడిలో ప్రధానోపాధ్యాయుని అడుగుల చప్పుడు వినబడగానే వసారా అంతయు సద్దుమణుగును. "ఆయన చండశాసనుడు" అని పిల్లలు గుసగుసలాడుదురు. ఇంటిపెద్దను గూర్చియు, కచేరీలో అధికారిని గూర్చియు ఈ మాటయే వినవచ్చును. ఇందు భయమెంతయో, గౌరవమెంతయో తూచి చెప్పుట కష్టము.

చండమైన శాసనము గలవాడు చండశాసనుడు. ఇది బహువ్రీహి సమాసము. చండ శబ్దమునకు తీక్ష్ణమని అర్థము. సూర్యుని చండాంశుడనుట అందువలననే. శాసన శబ్దమునకు మూలము సంస్కృతమున 'శాస్' ధాతువు. ఆజ్ఞాపించుట, దండించుట అను వానితోపాటు బోధించుట అను అర్థమును దీనికి కలదు. శాస్త్రము, శిష్యుడు అను మాటలును ఈ ధాతువునుండి పుట్టినవే. 11వ శతాబ్దమున రాజరాజనరేంద్రుని ఆస్థానమున భారతాంధ్రీకరణమునకు పూనుకొన్న నన్నయకు 'వాగనుశాసనుడ'ని బిరుదు. వాక్కునకు క్రమము నేర్పినవాడని దాని భావము.

చండశాసనుని నిరంకుశుడని పొరబడరాదు. అంకుశము లేని ఏనుగువంటివాడు నిరంకుశుడు. అతనికి తన ఇష్టమే నియమము. చండశాసనుడని పేరు పడినవాడు సాధారణముగా తానును నియమమునకు లోబడియే ఉండును. గంట కొట్టకముందే బడికి వచ్చు ఉపాధ్యాయుడు ఆలస్యమేలయని అడిగినపుడు విద్యార్థికి మారుపలుక నోరు రాదు.

ఇంగ్లీషున ఇట్టివానిని 'మార్టినెట్' అందురు. ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ పదాతిదళమునకు కఠినమైన కవాతు నేర్పిన జాన్ మార్టినే పేరునుండి ఆ మాట వచ్చినదని చెప్పుదురు. ఆయన 1672లో యుద్ధమున మరణించెను. నియమపు అక్షరమును పట్టుకొని ఆశయమును మరచువాని యెడల చులకన ఆ మాటలో ధ్వనించును. తెలుగు మాటలో అంత చులకన లేదు.

'శిక్ష' అను మాట కథయు చూడదగినది. సంస్కృతమున దానికి ప్రధానార్థము నేర్చుట, నేర్పుట. ఉచ్చారణను నేర్పు వేదాంగమునకు అదియే పేరు. తెలుగు వాడుకలో అది దండనగా స్థిరపడగా, నేర్పుటకు 'శిక్షణ' మిగిలినది. బెత్తము పాఠమును మ్రింగివేసిన తీరు ఇందు కనబడును.

2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షనులో బడిపిల్లల శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించినది. ఇక ఉపాధ్యాయునకు శాసనమున మిగిలినది బోధనార్థమే. తప్పు వ్రాసిన పదమును శిష్యుడు సరిగా వ్రాయువరకు విడువనివాడును చండశాసనుడే; అందులకు బెత్తముతో పని లేదు.