నడకదారికి ఒక పాటపెట్టె

కొండదారి పట్టినవాడికి మూటలోని ప్రతి తులమూ లెక్కే. ఇంటివద్ద చేతితో తూచి "ఇదెంతలే" అనుకున్న వస్తువే నాలుగు గంటలు ఎక్కిన తరువాత భుజాన్ని ఒరుసుకుంటుంది. బరువు విషయంలో మరీ పట్టుదల గలవారు పళ్లు తోముకునే బ్రష్షు పిడిని కూడ సగానికి కోసి తీసుకుపోవడం కద్దు. అంత నిక్కచ్చి మనుషులు సైతం పాట దగ్గరకు వచ్చేసరికి మెత్తబడతారు. ఒంటరిదారిలో చెవికి తోడుగా ఒక కీర్తనో, పాత సినిమా పాటో ఉంటే అలసట తెలియదన్నది చాలమంది అనుభవం.

సెల్‌ఫోను జేబులో ఉండనే ఉన్నది కదా, వేరే సాధనం దేనికని అడగవచ్చు. ఊరిలో ఐతే అక్కరలేదు. కొండలలో సంగతి వేరు. దూరాన ఉన్న స్తంభాన్ని అందుకోవడానికి ఫోను ఎక్కువ శక్తితో తరంగాలను పంపవలసి వస్తుంది. సంకేతం కోసం పదేపదే వెదుకుతుంది. అందుచేత దాని బ్యాటరీ ఇంటివద్దకంటె త్వరగా తరిగిపోతుంది. దారి తప్పినప్పుడు పటం చూపేదీ, చీకటి పడితే దీపమయ్యేదీ, కాలు మడతపడితే సాయానికి పిలిచేదీ అదే ఫోను. పాటలకు ఖర్చైన విద్యుత్తు ఆపదవేళ మాటకు మిగలదు. కాబట్టి పాటకు వేరుగా ఐదారు తులాల పెట్టె ఒకటి ఉండడం సుఖం. దానిని ఇంటివద్దనే చేసుకోవచ్చును.

ఇంత చిన్న పెట్టెలో సంగీతం ఇమడడం ఒకప్పుడు ఊహకైనా అందేది కాదు. 78 చుట్ల గ్రామఫోను రికార్డు ఒక ప్రక్క సుమారు మూడు నిమిషాలు పాడేది. రెండు గంటల కచేరీకి ఇరవై రికార్డులు, అనగా దాదాపు 4 కిలోల బరువు, పెట్టె బరువు దానికి అదనం. 1954లో అమెరికాలో నాలుగు ట్రాన్సిస్టర్లతో రీజెన్సీ అనే జేబురేడియో వెలువడింది. 1979లో జపానులో సోనీవారి వాక్‌మన్ వచ్చింది. ఇప్పుడు అరగ్రాముకు మించని జ్ఞాపకపు చీటీ, అనగా మెమరీ కార్డు మీద, 32 గిగాబైట్ల చోటులో మామూలు ఎం.పి.3 పాటలు ఐదువందల గంటలకు పైగా పడతాయి. సంగీతానికి ఇక బరువు లేదన్నమాట. ఉన్న బరువంతా దానిని వినిపించే శక్తిది. అందుచేత ముందుగా తేల్చవలసిన ప్రశ్న: ఒక చెవికి పాట వినిపించడానికి ఎంత శక్తి కావాలి?

ధ్వని తీవ్రతను డెసిబెల్లలో కొలుస్తారు. ఈ కొలతలో 10 డెసిబెల్లు పెరిగితే శక్తి పది రెట్లు, 20 పెరిగితే నూరు రెట్లు అవుతుంది. మామూలు సంభాషణ 60 డెసిబెల్ల దరిదాపులలో ఉంటుంది. 80 డెసిబెల్లంటే పాట బాగా నిండుగా వినిపిస్తుంది. ఇప్పుడు రెండు మార్గాలను పోల్చి చూడండి. చిన్న స్పీకరు ఒకటి, ఒక వాటు విద్యుత్తు ఇస్తే మీటరు దూరాన 85 డెసిబెల్లు పలుకుతుందనుకుందాం. దానినుండి 80 డెసిబెల్లు రావాలంటే సుమారు మూడోవంతు వాటు కావాలి. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోను మాటో? ఒక మిల్లీవాటుకు 100 డెసిబెల్లు పలికేవి బజారులో సాధారణం. 80 డెసిబెల్లకు అందులో నూరోవంతు, అనగా వాటులో లక్షోవంతు చాలు. రెంటికీ నడుమ తేడా ముప్ఫైవేల రెట్లు!

ఇందులో మాయ ఏమీ లేదు. స్పీకరు గాలినంతా కదిలిస్తుంది. చెట్లకూ రాళ్లకూ పాట వినిపిస్తుంది. అందులో చెవి రంధ్రానికి చేరేది రవ్వంత. ఇయర్‌ఫోను ఆ రవ్వంతనే పుట్టించి తిన్నగా అందిస్తుంది. బరువు తగ్గించే మొదటి ఉపాయం ఇదే: పాట పుట్టే చోటును చెవి దగ్గరకు తేవడం.

ఇక పెట్టెలోపలి సామాను. మెమరీ కార్డు మీది పాటను చదివి విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న పలకలు దొరుకుతున్నవి. అభ్యాసకులు ఎక్కువగా వాడేది డి.ఎఫ్. ప్లేయర్ మినీ అనే పలక. రెండు సెంటీమీటర్ల చదరం, తపాలాబిళ్లంత. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి చోట ఇట్టి సామాను అమ్ముతారు. దీనికి 3.2 నుండి 5 వోల్టుల వరకు విద్యుత్తు పనికివస్తుంది. దీని కాళ్లలో రెండింటి నుండి, అనగా డి.ఎ.సి. ఎడమ, డి.ఎ.సి. కుడి అనే గుర్తులున్న వాటినుండి, ఇయర్‌ఫోనుకు సరిపడే సంకేతం వస్తుంది. స్పీకరు కోసం వేరే కాళ్లున్నవి; వాటి జోలికి పోనక్కరలేదు. ఐ.ఓ. 1, ఐ.ఓ. 2 అనే కాళ్లను చెరొక నొక్కుమీట ద్వారా భూతీగకు కలిపితే పని జరిగిపోతుంది. పొట్టిగా నొక్కితే వెనుకటి పాట లేక తరువాతి పాట, నొక్కిపట్టితే ధ్వని తగ్గడం లేక పెరగడం. తెరలేదు, దారిమీద నడిచేవాడికి అది లేకపోవడమే మేలు.

ఇయర్‌ఫోను ఎంపికలో చాలమంది తప్పటడుగు వేస్తారు. చెవి రంధ్రంలో రబ్బరు బిరడావలె బిగుసుకునే రకాలు ఇంటిలో ఎంతో ఇంపుగా పలుకుతాయి. నడకలో వాటితో రెండు చిక్కులున్నవి. మొదటిది తెలుసుకోవడానికి చిన్న ప్రయోగం చాలు. రెండు చెవులనూ వేళ్లతో గట్టిగా మూసుకొని నోరు తెరవకుండా "మ్" అని రాగం తీస్తే, ఆ ధ్వని తలలో గుయ్యిమని మ్రోగుతుంది. ఎముకల ద్వారా చెవి గొట్టంలోకి వచ్చిన మంద్రధ్వనులు మామూలుగా బయటికి జారిపోతవి. గొట్టం మూసుకుంటే అవి లోపలనే చిక్కుకుని కర్ణభేరిని తాకుతవి. నడిచేటప్పుడు ప్రతి అడుగూ ఇట్లే మ్రోగుతుంది. మృదంగం మీద మడమ దెబ్బలు పడినట్లుంటుంది తప్ప తాళం తెలియదు. చొక్కాకు రాసుకునే తీగ గరగర కూడ బిరడా గుండా చెవిలోకి ఎక్కుతుంది.

రెండవ చిక్కు అంతకంటె గట్టిది. అడవిలో కన్ను చూడగలిగేది మలుపు వరకే. చెవి మలుపు దాటి వింటుంది. నల్లమల వంటి అడవులలో చిరుతనో పులినో చూసిన కొండముచ్చు చెట్టు మీదనుండి అరుస్తుంది; దుప్పి, కణుజు ఒక్కొక్కటి ఒక్కొక్క రీతిని హెచ్చరిస్తవి. అడవిలో తిరిగేవారు ఆ అరుపులను విని అడుగు ఆపుతారు. రక్తపింజర కాటుకు ముందు పెద్దగా బుసకొట్టడం ప్రసిద్ధమే. తిరుమలకు పోయే అలిపిరి నడకదారి కూడ కొంతమేర ఘాటురోడ్డు ప్రక్కనే సాగుతుంది; అక్కడ వెనుకనుండి వచ్చే బస్సును ముందు గుర్తుపట్టేది చెవియే. రెండు చెవులకూ బిరడాలు పెట్టుకున్నవాడు ఈ కబుర్లన్నిటికీ తలుపు వేసుకున్నవాడే.

అందుచేత నడకకు తగినది చెవి అంచున తేలికగా నిలిచే తెరపి రకం ఇయర్‌ఫోను. అదికూడ ఒక్క చెవికే. తెరపి రకంలో మంద్రస్వరాలు కొంత పలుచబడతవి. అది లోపం అనుకొని ధ్వని పెంచకూడదు. పాటలో ఎడమ భాగం ఒకటి, కుడి భాగం ఒకటి వేరువేరుగా ఉంటవి కనుక, ఒక చెవితోనే వింటే వయొలిన్ పోయి గాత్రం మిగలడమో, గాత్రం పోయి మృదంగం మిగలడమో జరుగవచ్చు. రెంటినీ కలిపి ఒక చెవికి పంపాలి. కలపడమంటే రెండు తీగలను మెలివేయడం కాదు. అట్లు చేస్తే ఒక భాగపు విద్యుత్తు రెండవదానిలోకి పోయి పలక చెడవచ్చు. ఎడమ కాలినుండి 220 ఓముల నిరోధకం ఒకటి, కుడి కాలినుండి అంతటిదే మరొకటి తెచ్చి, వాటి రెండవ కొసలను కలిపి, అక్కడినుండి 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ద్వారా ఇయర్‌ఫోనుకు తీగ వేయాలి. కెపాసిటర్ ధనపు కొస పలక వైపు ఉండాలి. అది పాటను పోనిచ్చి నిలకడ విద్యుత్తును ఆపుతుంది.

ఆ రెండు నిరోధకాలు చేసే మేలు మరొకటి ఉన్నది. నిజానికి ఇంటిలో చేసిన పెట్టెకు అంగడి పెట్టెకంటె ఇదే ఎక్కువతనం. ఇయర్‌ఫోను నిరోధం 32 ఓములనుకుందాం. రెండు 220 ఓముల నిరోధకాలు ప్రక్కప్రక్కన పనిచేస్తే 110 ఓములతో సమానం. వచ్చిన వోల్టేజిలో ఇయర్‌ఫోనుకు దక్కేది 142లో 32 వంతులు, అనగా నాలుగోవంతు కంటె తక్కువ. డెసిబెల్లలో చెబితే 13 తగ్గుదల. ఉదాహరణకు పలక గరిష్ఠంగా అర వోల్టు ఇస్తున్నదనుకుంటే, నిరోధకాలు లేకుండా పైన చెప్పిన ఇయర్‌ఫోను 109 డెసిబెల్లు పలుకుతుంది. నిరోధకాలతో 96కు దిగుతుంది. అదికూడ పాటలోని శిఖరాల లెక్క. సగటు ధ్వని అంతకంటె పది డెసిబెల్లకు పైగా తక్కువగా ఉంటుంది. మీట ఎంత నొక్కినా, సంచిలో దానంతటది నొక్కుకున్నా, ఈ కట్ట దాటి పోదు. మరీ మెల్లగా ఉన్నదని తోస్తే 150 ఓములవి వేయవచ్చు; 100కు దిగువకు పోవద్దు.

కట్ట ఎందుకు కావాలో చెవి నిర్మాణం చెబుతుంది. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక గొట్టమున్నది. అందులో సుమారు పదిహేనువేల రోమకణాలు ధ్వని కదలికలను నాడీసంకేతాలుగా మారుస్తవి. పెద్ద ధ్వనికి చాలాసేపు లోనైతే ఇవి చచ్చిపోతవి. చర్మంవలె, గోళ్లవలె మనుష్యులలో ఇవి మళ్లీ పెరగవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్ల ధ్వనిని వారానికి 40 గంటలవరకు వినవచ్చు. ప్రతి 3 డెసిబెల్లకు ఈ వ్యవధి సగమవుతుంది. 90 డెసిబెల్లైతే వారానికి 4 గంటలు మాత్రమే. నడక ఒక రోజులో ఎనిమిది గంటలు సాగుతుంది. గాలి హోరు, వాగు హోరు దాటి పాట వినిపించాలని ధ్వని పెంచుతూ పోయేవాడు ఒక్క రోజులోనే రెండు వారాల వాటా తినివేస్తాడు. వాగు దగ్గర పాట ఆపి వాగునే వినడం ఉత్తమం, అదీ సంగీతమే.

బ్యాటరీ సంగతి. బరువులో సింహభాగం దానిదే. చెవికి కావలసినది లక్షోవంతు వాటే ఐనా, కార్డును చదివి అంకెలను ధ్వనిగా మార్చే పలక అంతకు వేలరెట్లు తింటుంది. అది తినే విద్యుత్తును మల్టీమీటరుతో కొలిచి చూసుకోవాలి. 40 మిల్లీఆంపియర్లు వచ్చిందనుకుంటే 800 మిల్లీఆంపియర్-గంటల బ్యాటరీ 20 గంటలు వస్తుంది. మూడు నాలుగు రోజుల నడకకు చాలు. ఛార్జి చేయదగిన నికెల్-మెటల్ హైడ్రైడ్ జాతి ఎ.ఎ.ఎ. ఘటాలు మూడు వరుసగా కలిపితే 3.6 వోల్టులు. నిండుగా ఉన్నప్పుడు 4.2 దాకా, అడుగంటే ముందు 3.3 దాకా ఉంటుంది. పలకకు కావలసిన హద్దులలో చక్కగా ఇముడుతుంది. మూడింటి బరువు 40 గ్రాములలోపు.

లిథియం ఘటం ఇంతకంటె తేలిక. అంతే శక్తికి సగానికంటె తక్కువ బరువు. ఐనా ఇంటిలో చేసుకునేవారు దానికి ఆశపడకపోవడం మంచిది. రక్షణవలయం లేని మెత్తటి లిథియం సంచి బండకు నలిగినా, మేకు గుచ్చుకున్నా, ఎక్కువ ఛార్జి చేసినా మంటలంటుకుంటుంది. రెండు తులాల లాభానికి జేబులో నిప్పు మోయడం వివేకం కాదు. హిమాలయాల వంటి చలిప్రదేశాలలో ఏ ఘటమైనా నీరసపడుతుంది. పెట్టెను చొక్కా లోపలి జేబులో ఒంటి వేడికి ఉంచుకోవాలి.

పెట్టెకు మందుబిళ్లల ప్లాస్టిక్ డబ్బా సరిపోతుంది. పిప్పరమెంటు రేకుడబ్బా అందంగా ఉంటుంది గాని లోపల అట్టముక్క పరచకపోతే మాటువేసిన చోట్లు రేకుకు తగిలి విద్యుత్తు అడ్డదారి పడుతుంది. ఘటాలకు నేరుగా మాటు వేయరాదు. ఆ వేడికి అవి చెడిపోతాయి. వాటికి ప్లాస్టిక్ గూడు వాడాలి. ఇయర్‌ఫోను తీగ డబ్బానుండి బయటికి వచ్చేచోట లోపలివైపు ఒక ముడి వేస్తే, తీగ కొమ్మకు తగులుకున్నా లాగుడు మాటు మీద పడదు. తీగను చెవి వెనుకగా త్రిప్పి కాలరుకు దారంతో కడితే గరగర చాలవరకు పోతుంది. చెమటకూ వానకూ పెట్టెమీద ప్లాస్టిక్ సంచి తొడిగితే చాలు.

మజిలీ చేరిన తరువాత నలుగురూ వినాలంటే స్పీకరు మోయనక్కరలేదు. దళసరి కాగితాన్ని బూరవలె చుట్టి, సన్నని కొసను ఇయర్‌ఫోను చుట్టూ బిగిస్తే, ఇంతకుముందు చెవి నుండి జానెడు దూరాన వినిపించనిది మూరెడు దూరాన సన్నగా వినిపిస్తుంది. బూర కొత్తగా శక్తిని పుట్టించదు. చిన్న పొర బయటిగాలిని నేరుగా త్రోయలేక వృథా చేసుకునే శక్తిని, క్రమంగా వెడల్పయ్యే దారిలో గాలికి అప్పగిస్తుంది. నాదస్వరానికి చివర విచ్చుకున్న మూతి ఉండడం ఈ కారణం చేతనే. కాగితపు బూర బరువు రెండు గ్రాములు. మరునాడు ప్రొద్దున పొయ్యి రాజేయడానికి కూడ పనికివస్తుంది.