ఫ్యాన్ లేని బుల్లి కంప్యూటర్ మాడిపోదా?

కంప్యూటర్ వాడుకునే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. ఫ్యాన్ ఆ వేడిని మాయం చేయదు, గదిలోకి త్వరగా తోసేస్తుంది. కాబట్టి చూడాల్సింది రెండు: చిప్ ఎంత వేడి పుట్టిస్తోంది, అది బయటికి పోవడానికి దారి ఎంత ఉంది. బుల్లి కంప్యూటర్లలో వాడే ఇంటెల్ ఎన్100 చిప్‌కు కంపెనీ చెప్పే లెక్క 6 వాట్లు. పాత 60 వాట్ల గుండు బల్బు ముందు అదెంత! ఇక దారి సంగతి. అల్యూమినియం గాలికన్నా వేల రెట్లు బాగా వేడిని మోస్తుంది. అందుకే చిప్‌ను లోహపు పెట్టెకే ఆనించి, మధ్య సన్నని సందుల్లో గాలి మిగలకుండా థర్మల్ పేస్ట్ పూస్తారు. పెట్టె మీది రెక్కలు సోకు కోసం పెట్టినవనుకునేరు. గాలికి తగిలే వైశాల్యం వాటివల్లే పెరుగుతుంది. వాటి మధ్య వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తే, కింది నుంచి చల్లగాలి వచ్చి చేరుతుంది. 2000లో ఆపిల్ తెచ్చిన పవర్ మాక్ జీ4 క్యూబ్ ఈ సూత్రంతోనే చల్లబడేది.

మరి మన మే నెల ఎండల్లోనో? ఈ అనుమానం న్యాయమైనదే. వేడి ఎంత వేగంగా పోతుందన్నది పెట్టెకూ గదికీ మధ్య తేడా మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల గదిలో 50 దగ్గర ఆగే పెట్టె, 40 డిగ్రీల గదిలో సుమారు 65కి చేరుతుంది. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది, కానీ చిప్‌కు అది ప్రాణాపాయం కాదు; మరీ వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. గంటల తరబడి ఆటలాడేవారికి ఫ్యానే మేలు. పాఠాలు చదవడానికీ, వీడియోలు చూడటానికీ ఈ నిశ్శబ్దపు పెట్టె చాలు. పైగా దుమ్మును లోపలికి పీల్చదు.