అడవి యంచు బడియు మాంటిస్సోరి పద్ధతియు

మాంటిస్సోరి బడి యనగానే మన సోదరీమణుల మనస్సునకు దోచునది రంగువేసిన గోడలు, జోళ్లు దొడిగిన పిల్లలు, ఏటేట పెరుగు రుసుము. ఖమ్మమునందు గాని కొత్తగూడెమునందు గాని ఆ పేరు పలకమీద గనబడినచో అది కలవారి బడి యనుకొనుట వాడుకయైనది. ఆ పద్ధతి పుట్టినది మాత్రము పేదల నడుమనే. 1907వ సంవత్సరము జనవరి 6వ తేదీన రోము నగరమందలి సాన్ లొరెంజో యను కూలివారి పేటలో, తల్లిదండ్రులు పనికిబోగా దిక్కులేక తిరుగు పిల్లలకొరకు డాక్టరు మరియా మాంటిస్సోరి మొదటి బాలగృహమును దెరచిరి. 1939లో ఆమె మద్రాసునకు వచ్చి అడయారునందు ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చిరి. యుద్ధము వచ్చిపడుటచే 1946 వఱకు మన దేశముననే యుండిరి.

ఇక మా వైపు సంగతి. ఖమ్మము విడిచి భద్రాచలము దారిని బోవుకొలది పొలములు తగ్గి అడవి దగ్గరపడును. మా వారు ఆ యంచున నొక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులు. అచ్చట నొక్కగదిలోనే కోయ బిడ్డలు, లంబాడీ బిడ్డలు, తెలుగు రైతుల బిడ్డలు, 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ నుండి వలసవచ్చిన గొత్తికోయల బిడ్డలు కూర్చుందురు. "వారి నడుమ నుంచినచో మా పిల్లవాని చదువు చెడును" అని చేతిలో నాలుగు కాసులున్న తల్లులు తమ బిడ్డలను బస్సెక్కించి పట్టణమునకు బంపుచున్నారు. ఒక్కొక్క బిడ్డ వెడలినకొలది బడి చిక్కిపోవును. పిల్లలు తగ్గిరని ఉపాధ్యాయుని గూడ మార్చుదురు. నష్టము మిగిలిన పేదబిడ్డలది.

ఆ తల్లుల భయమునకు ఆధారమున్నదా? అమెరికాలోని హార్ట్‌ఫర్డు నగరమున ప్రభుత్వ మాంటిస్సోరి బడులలో జేరగోరువారు ఎక్కువై, చీట్లువేసి పిల్లలను దీసికొనిరి. చీటి వచ్చినవారిని రానివారిని గలిపి 141 మందిని మూడేండ్లు పరీక్షించి, ఆంజెలీన్ లిలార్డు మొదలగు పండితులు 2017లో ఫలితము ప్రకటించిరి. ఈ చీటిలోనే కీలకమున్నది. అది లేనిచో, శ్రద్ధగల తల్లుల బిడ్డలే చేరుటచే బాగుపడిరని కొట్టివేయవచ్చును గదా! మొదట ఇరుపక్షములవారు సమానులే. పిదప మాంటిస్సోరి పిల్లలు చదువులో ముందునకు వచ్చిరి. వారిలో పేదబిడ్డలకును కలవారి బిడ్డలకును గల యంతరము చాల తగ్గెను. ఇది యొక్క నగరపు లెక్క, పిల్లలును కొద్దిమందియే. అయినను కలిసి కూర్చున్నచో చదువు చెడుననువారికి ఇందు ఊతము దొరకదు.

ఆ పద్ధతిలో మూడేండ్ల తేడాగల పిల్లలను ఒక్కచోట నుంతురు. పెద్దది చిన్నదానికి జూపును. మన వీధిబడులలోను ఇట్లే జరిగెడిది. గరుకు కాగితపు అక్షరములను వ్రేలితో దిద్దించుట వారి యలవాటు. ఇసుకలో ఓనమాలు దిద్దిన మన తాతలకు ఇది వింత గాదు. లెక్కలకు పూసలు గలవు: పది పూసల కడ్డీ, నూరు పూసల చదరము, వేయి పూసల ఘనము. బిడ్డ చేతితో మోసిచూచి పదికిని వేయికిని గల భేదము నెఱుగును.

మా వారి తరగతిలో నొక కోయ బాలిక లెక్కలలో మందమతి యని పేరువడినది. ఎండకాలమున ఆ పిల్ల తల్లివెంట తునికాకు కోయబోవును. కట్టకు 50 ఆకులు. ఒకనాడు మా వారు "ఇరువది కట్టలకు ఆకులెన్ని?" యని యడుగగా తడుముకొనక "వేయి" యనెను. పలకమీద గుణకార మనినచో నోరుమెదపని పిల్ల! పూసలు కొనుటకు డబ్బెక్కడిది? వెదురుపుల్లలను పదులుగా, నూఱులుగా మోపులు గట్టించిరి. రైతుబిడ్డలు ఆమె ప్రక్క జేరి స్థానవిలువలు నేర్చిరి. వెనుకబడినవారెవరో, ముందున్నవారెవరో ఆ దినమున మాకు దెలియలేదు.

భాష మఱియొక చిక్కు. మనకు ఏరనగా ప్రవాహము. కోయలకు ఆ మాటయే నీరు. దాహమై అడిగిన బిడ్డ మాట తెలియని పంతులు వాని నదలించును. 2004లో నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఎనిమిది గిరిజన భాషలలో, తెలుగు లిపితో, చదువు మొదలిడెను. అందు కోయయు నొకటి. మంచి యేర్పాటు, దానిని నిలుపుటకు ఆ భాష వచ్చిన ఉపాధ్యాయులు కావలెను. మహారాష్ట్రమున తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ అను నిరువురు మాంటిస్సోరి పద్ధతిని కోస్బాడు కొండమీది వార్లీ బిడ్డలకు దెచ్చిరి. ఖరీదైన సామగ్రికి మారుగా గవ్వలు, గింజలు, ఆకులు వాడిరి. పసులగాచు పిల్లలు బడికి రాలేకున్న, బడినే బీటికి గొనిపోయిరి.

మొన్న మా పొరుగింటి వదినగారు "మా అబ్బాయి కోయమాటలు నేర్చి వచ్చుచున్నాడమ్మా" యని నొచ్చుకొనిరి. నేర్వనిండని చెప్పితిమి. రేపు వాడు వైద్యుడైనను, సంతలో దుకాణము పెట్టినను, భద్రాచలము వైపు ఆ మాట వచ్చినవానికి గిరాకి యెక్కువ. ఆమె నవ్వినారు గాని, పట్టణపు బడి దరఖాస్తు ఇంకను బల్లమీదనే యున్నది.