ఒమన్ పేరుంది, ఒమన్ స్టాంపు కాదు

పాత స్టాంపుల పొట్లాల్లో ఒమన్ పేరుతో రైలింజన్లు, పాతకాలపు మోటారు బళ్లు, ఫైరింజన్ల బొమ్మలు తగులుతుంటాయి. వాటి మీద ‘స్టేట్ ఆఫ్ ఒమన్’ అని ఉంటే మాత్రం అవి మస్కట్ పోస్టాఫీసులో ఎన్నడూ అమ్మినవి కావు.

మరి ఎక్కడివి? 1950ల్లో ఒమన్ లోపలి కొండసీమలో పట్టున్న ఇమాము గాలిబ్‌కూ, మస్కట్ సుల్తానుకూ యుద్ధం జరిగింది. 1959 నాటికి అక్కడి జబల్ అఖ్దర్ కొండలు సుల్తాను వశమయ్యాయి, ఇమాము దేశం విడిచాడు. 1960ల చివర్లో ఆ ప్రవాస పక్షం పేరిట ఈ బిళ్లలు మొదలయ్యాయి. 1970ల్లో ఇదంతా స్టాంపులు సేకరించేవాళ్ల జేబు మీద నడిచే వ్యాపారమైంది. అప్పట్లో తిరుగుబాటు నడుస్తున్న ధోఫార్ ప్రాంతం పేరునూ వదల్లేదు. ఒమన్ రోడ్ల మీద ఆ బళ్లు తిరిగాయా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు. బళ్ల బొమ్మలు కొనేవాళ్లున్నారు, అంతే.

అసలు తపాలా కథ వేరు. 1864లో మస్కట్‌లో పోస్టాఫీసు తెరిచింది భారత తపాలా శాఖే. చాలాకాలం అక్కడ మన స్టాంపులే చెల్లాయి. 1948లో ఆ పోస్టాఫీసు బ్రిటిష్ తపాలా చేతికి వెళ్లింది, 1966 ఏప్రిల్ 30న సొంత నిర్వహణ మొదలైంది. 1971లో ఒమన్ అంతర్జాతీయ తపాలా సంఘంలో చేరింది. దేశం అధికారిక పేరు 1970 నుంచీ ‘సుల్తానేట్ ఆఫ్ ఒమన్’.

స్టాంపంటే ఉత్తరం చేరవేతకు ముందే కట్టిన రుసుముకు రసీదు. రుసుము పుచ్చుకుని మోసే తపాలా శాఖ లేనప్పుడు, ఎంత అందంగా అచ్చేసినా అది లేబులే.

వాటి మీద తపాలా ముద్ర ఉంది కదా అంటారా? బిళ్లను తిరగేసి చూడండి. నిజంగా కవరు మీద అంటించి, నీళ్లలో నానబెట్టి తీసినదైతే వెనక జిగురు మిగలదు. ఈ బిళ్లల్లో చాలావాటికి జిగురు చెక్కుచెదరకుండా ఉంటుంది. ముద్ర కూడా ఒక మూలనే, ప్రతి బిళ్లకూ ఒకేలా పడి ఉంటుంది. అంటే పోస్టుమాస్టరు కొట్టింది కాదు, ప్రెస్సులోనే వేసింది.

అలాగని పారేయనక్కర్లేదు. ఆల్బమ్‌లో వేరే పేజీలో పెట్టి, పైన ‘లేబుళ్లు’ అని రాసుకోండి. అరుదైన ఒమన్ స్టాంపంటూ ఎవరైనా ఎక్కువ ధర చెబితే మాత్రం ముందు పేరు చదవండి, తర్వాత వెనక్కి తిప్పండి.