చెరువులో నౌకాయుద్ధం

ఓడను తేలడానికి కడతారు. మునుగుతుందని ముందే తెలిసి, మునిగిన తరువాత పైకి తీసి మరల నీటిలో వదలడానికి వీలుగా ఓడను కట్టే క్రీడ కూడా ఒకటి ఉంది. గత శతాబ్దపు తొలి అర్ధభాగంలో సముద్రాలను ఏలిన యుద్ధనౌకలకు చిన్న నమూనాలు తయారుచేసి, ఒడ్డున నిలబడి రేడియో తరంగాల సహాయంతో వాటిని నడుపుతూ, ఒకరి ఓడపై ఒకరు చిన్న ఉక్కు గుండ్లను నిజంగానే ప్రయోగించుకొనే క్రీడ అది. 1970ల చివరి సంవత్సరాలలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో మొదలై, ఆ దేశంలోని ఇతర ప్రాంతాలకూ, ఆస్ట్రేలియా వంటి దేశాలకూ పాకింది. పైకి బొమ్మల ఆటగా కనిపించే ఈ వ్యాసంగంలో అడుగుపెట్టదలచినవారు మొదట గ్రహించవలసిన విషయం ఒకటి ఉంది. ఇక్కడి గెలుపోటములు ఫిరంగి కంటె నీటిపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటాయి.

తీగ లేకుండా ఓడను నడపడం కొత్త విద్య కాదు. 1898లో నికోలా టెస్లా అనే శాస్త్రజ్ఞుడు న్యూయార్క్ నగరంలో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో ఒక చిన్న ఇనుప పడవను నీటి తొట్టిలో వదలి, దూరం నుండి రేడియో తరంగాలతో నడిపి చూపాడు. ఇంగ్లండులోని స్కార్‌బరో పట్టణపు పీస్‌హోమ్ ఉద్యానవనంలో 1927 నుండి చిన్న యుద్ధనౌకల పోరాటాన్ని వినోదంగా ప్రదర్శిస్తున్నారు. అయితే అక్కడి ఓడల లోపల మనుషులే కూర్చొని నడుపుతారు, ఎవరు గెలవాలో ముందే నిశ్చయమై ఉంటుంది. టెక్సాస్ వారు చేసిన మార్పు అక్కడే ఉంది. వారి చెరువులో ఏ ఓడ మునుగుతుందో ఎవరికీ తెలియదు.

ఈ క్రీడలో ఎక్కువగా వాడే కొలత నూట నలభై నాలుగింట ఒకటవ వంతు. అంటే అసలు ఓడలోని పన్నెండు అడుగులు నమూనాలో ఒక అంగుళమవుతాయి. లెక్క సులభంగానే ఉంటుంది గాని, దాని ఫలితాలు మాత్రం ఆశ్చర్యం కలిగిస్తాయి. పొడవును 144తో భాగిస్తే సరిపోతుంది. బరువును మాత్రం 144ను మూడుసార్లు గుణించగా వచ్చిన సంఖ్యతో, అనగా సుమారు ముప్పై లక్షలతో భాగించాలి. బ్రిటిష్ వారి ఇన్విన్సిబుల్ అనే నౌక పొడవు సుమారు 173 మీటర్లు. దాని నమూనా 120 సెంటీమీటర్లు వస్తుంది. పదిహేడు వేల టన్నులకు పైబడిన ఆ నౌక బరువు నమూనాలో ఆరేడు కిలోలకు దిగుతుంది. జపానువారి యమాటో 263 మీటర్ల పొడవు గల మహానౌక. దాని నమూనా 183 సెంటీమీటర్ల పొడవుతో, దాదాపు 24 కిలోల బరువు తూగుతుంది. నిలువెత్తు మనిషిని మించిన ఆ ఓడను చెరువు దాకా మోసుకొని వెళ్ళడమే ఒక యుద్ధం.

వేగం లెక్క మరింత చిత్రమైనది. పందొమ్మిదవ శతాబ్దంలో విలియం ఫ్రూడ్ అనే ఆంగ్లేయుడు చిన్న నమూనాలను నీటి తొట్టిలో లాగి, పెద్ద ఓడల నడకను ముందుగానే అంచనా వేసే మార్గం కనుగొన్నాడు. నమూనా లేపే అలలు అసలు ఓడ లేపే అలలను పోలి ఉండాలంటే వేగాన్ని పొడవు నిష్పత్తితో కాక, దాని వర్గమూలంతో భాగించాలి. 144కు వర్గమూలం 12. గంటకు 46 కిలోమీటర్లు పోయిన ఇన్విన్సిబుల్, నమూనాగా మారినప్పుడు సెకనుకు సుమారు ఒక మీటరు చొప్పున, మనిషి తీరికగా నడిచే వేగంతో సాగుతుంది. క్రీడాసంఘాల వారు వంద అడుగుల దూరాన్ని ఓడ ఎన్ని సెకన్లలో దాటవచ్చునో ఒక్కొక్క రకానికి నిర్ణయిస్తారు. ఫ్రూడ్ చూపిన మార్గం ఆటలకే పరిమితం కాలేదు. మన విశాఖపట్టణంలోని నావికా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో నేటికీ ఓడల నమూనాలను పొడవైన నీటి తొట్టిలో లాగి పరీక్షిస్తున్నారు.

ఇక ఏ ఓడను ఎంచుకోవాలి? క్రొత్తగా వచ్చిన ప్రతివాని మనస్సూ బిస్మార్క్ వైపో, యమాటో వైపో పరుగెత్తుతుంది. ఆ ఆకర్షణకు లొంగకపోవడమే మేలు. పెద్ద ఓడకు ఖర్చు ఎక్కువ, తిరగడానికి చోటు ఎక్కువ కావాలి, అందరి గుండ్లూ దానిపైకే వస్తాయి. పొడవు మితంగా ఉండి, వెడల్పు కాస్త ధారాళంగా ఉండి, లోపల సామగ్రి అమర్చుకోవడానికి చోటున్న ఓడ మొదటి ప్రయత్నానికి తగినది. చుక్కానులు రెండుండి, అవి ప్రొపెల్లర్ల వెనుకనే ఉంటే చిన్న వలయంలో తిరగగలుగుతుంది. ఇన్విన్సిబుల్ వంటి నౌకలను క్రొత్తవారు ఎంచుకోవడానికి వాటి పరిమాణమే ప్రధాన కారణం. ఆ పేరు పెట్టుకొన్నవారు దాని కథ కూడా తెలుసుకోవాలని నా అభిప్రాయం. 1916 మే 31న జట్లాండ్ యుద్ధంలో ఒక జర్మన్ గుండు తగిలి ఆ ఓడలోని మందుగుండు పేలింది. ఓడ రెండు ముక్కలైంది. 1026 మంది మరణించారు. బ్రతికి బయటపడినవారు ఆరుగురు. జయింపరానిది అని ఆ పేరుకు అర్థం.

నిర్మాణానికి వద్దాం. ఓడ శరీరాన్ని చేసేవారు రెండు మార్గాలు అనుసరిస్తారు. ప్లైవుడ్డును కోసి వెన్నెముక, పక్కటెముకలు అమర్చి కట్టడం ఒకటి. అచ్చులో పోసిన ఫైబర్‌గ్లాస్ శరీరాన్ని కొనుక్కొని, పక్కలలో కిటికీల వలె కోసి తెరవడం రెండవది. క్రొత్తవారికి రెండవదే సులభం. ఆ కిటికీలకు బాల్సా అనే తేలికపాటి కర్రను పలుచని రేకుగా అతికిస్తారు. దాని మందం సుమారు 0.8 మిల్లీమీటరు. అసలు ఓడకు ఉక్కు కవచం ఉంటే, నమూనాకు ఉన్నది ఈ కాగితం వంటి కర్ర. గుండు తగిలితే చిల్లు పడాలి, నీరు లోపలికి రావాలి. నియమం కోరేది అదే. పక్కటెముకలను దగ్గర దగ్గరగా పేర్చి, గుండ్లను అడ్డుకొనే గోడ కట్టకుండా వాటి మందానికీ, వాటి మధ్య ఎడానికీ హద్దులు విధించారు. ఓడ మునిగి ఉండే హద్దును నీటిగీత అందాం. ఆ గీతకు చాలా దిగువన ఉండే అడుగుభాగాన్ని మాత్రం గట్టిగా కట్టుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట. ఓడ ముందుభాగానికి అణియమనీ, వెనుకభాగానికి అమరమనీ తెలుగులో చక్కని పదాలున్నాయి. నిఘంటువులలో నిద్రిస్తున్న ఆ పదాలను ఈ పాఠంలోనైనా వాడుకొందాం. ఫిరంగి అనే పదం సంగతి వేరు. సముద్రం మీదుగా వచ్చిన పరంగులు, అనగా ఐరోపావారు, తమ ఆయుధంతో పాటు తమ పేరునూ మన భాషలో వదలిపోయారు.

చిల్లు పడింది, నీరు వచ్చింది. తరువాత జరిగేదానిలోనే నిర్మాత ప్రజ్ఞ బయటపడుతుంది. వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి పట్టుకొని నడిస్తే, కొంచెం వంగగానే నీరంతా ఒక పక్కకు చేరి పళ్ళేన్ని ఇంకా వంచుతుంది. అవే నీళ్ళను చెంబులో పోస్తే ఆ ప్రమాదం లేదు. ఓడ కూడా అంతే. లోపలికి వచ్చిన నీరు ఓడ వెడల్పంతా పరచుకొంటే, ఓడ వాలిన వైపుకే పరుగెత్తి దానిని బోర్లా పడవేస్తుంది. నీటి బరువుకు మునగవలసిన ఓడ, దానికంటె ఎంతో ముందే తలక్రిందులై మునుగుతుంది. అందుచేత అనుభవజ్ఞులు ఓడ అడుగున రెండు పక్కలా, అణియంలోనూ అమరంలోనూ ఉన్న ఖాళీలను తేలికపాటి కర్రతోనో నురగ దిమ్మెలతోనో పూడ్చి, మధ్యలో సన్నని కాలువను మాత్రం వదలుతారు. ఎక్కడ చిల్లు పడినా నీరు ఆ కాలువలోకి జారి, నేరుగా పంపు వద్దకు చేరుతుంది. పంపు బ్యాటరీతో నడుస్తూ నీటిని బయటికి చిమ్ముతుంది. అయితే దాని బయటి రంధ్రం సుమారు 3 మిల్లీమీటర్లకు మించరాదని నియమం. లేకుంటే పెద్ద పంపు ఉన్నవాడు ఎన్నటికీ మునగడు.

బరువైన బ్యాటరీలను వీలైనంత క్రిందికి, మధ్యగీతపై ఉంచాలి. రేడియో గ్రాహకాన్ని నీరు చొరని పెట్టెలో బిగించి పైభాగాన అమర్చాలి. టంకం పెట్టిన ప్రతి అతుకునూ తడి తగలకుండా కప్పాలి. వెనుకటి రేడియోలలో ఇద్దరు ఒకే పౌనఃపున్యం వాడితే ఒకరి ఓడ మరొకరి ఆజ్ఞకు లోబడేది. నేడు 2.4 గిగాహెర్ట్జ్ సాధనాలు వచ్చి ఆ చిక్కు చాలవరకు తీరింది.

ఫిరంగి చివరి మెట్టు. ముందుగా ఫిరంగుల తయారీకి పూనుకొని, నెలలు గడిపి, చివరకు ఓడను నీటిలో వదలకుండానే విరమించుకొనే అవకాశం ఎక్కువ. ఈ ఫిరంగులలో మందుగుండు ఉండదు. చిన్న సీసాలో ఒత్తిడితో నింపిన కార్బన్ డయాక్సైడ్ వాయువే వాటి శక్తి. సీసాలో వాయుపీడనం వాతావరణ పీడనానికి సుమారు అరవై రెట్లు ఉంటుంది. దానిని ఒక నియంత్రకం సుమారు పది రెట్లకు తగ్గిస్తుంది. రేడియో ఆజ్ఞ అందగానే కవాటం క్షణకాలం తెరుచుకొని, నాలుగున్నర మిల్లీమీటర్ల ఉక్కు గుండును గొట్టం నుండి తోస్తుంది. ఒక ఫిరంగిలో 50 గుండ్ల వరకు పడతాయి. ఒక పద్ధతిలో ఫిరంగులు కదలకుండా ఉంటాయి, గురి కుదరడానికి ఓడనే తిప్పాలి. మరొక పద్ధతిలో అసలు ఓడ ఫిరంగి పరిమాణాన్ని బట్టి గుండు పరిమాణం మారుతుంది, ఫిరంగి గోపురాలు కూడా తిరుగుతాయి. ఏ పద్ధతిలోనైనా ఒడ్డున ఉన్న ప్రతి ఒక్కరూ కళ్ళకు రక్షణ అద్దాలు ధరించి తీరాలి. ఉక్కు గుండు నీటిపై తగిలి ఎటు ఎగురుతుందో చెప్పలేం. సంఘమూ, పర్యవేక్షణా, ఇతరులు రాని నీటిపట్టూ లేనిచోట ఫిరంగుల జోలికి పోరాదు.

అట్టి సంఘం దగ్గరలో లేని విద్యార్థి నిరాశ చెందనక్కరలేదు. ఫిరంగి లేని ఓడను కట్టి, ఇంటి నీటి తొట్టిలో వదలి, పక్కన ఒక చిన్న చిల్లు పొడిచి గడియారం చూసుకోవచ్చు. ఓడ నిటారుగా దిగుతున్నదా, పక్కకు వాలుతున్నదా? కాలువ నీటిని పంపు దాకా చేరుస్తున్నదా? ఎన్ని నిమిషాలు నిలిచింది? కాలువ రూపం మార్చి మరల పరీక్షించవచ్చు. నిజమైన పోటీలకు సిద్ధమయ్యేవారు చేసే పరీక్ష కూడా ఇటువంటిదే.

పోటీలో ఓడలు రెండు పక్షాలుగా చీలుతాయి. ఎక్కువ మంది పాటించే పద్ధతిలో నీటిగీతకు పైన పడిన తూటుకు 10, గీత మీద పడినదానికి 25, దిగువన పడినదానికి 50 గుణాలు ఇస్తారు. మునిగిన ఓడకు విడిగా గుణాలుంటాయి. ఇక పోరాడలేననుకొన్నవాడు ఆ మాట ప్రకటించాలి. ఆపై 5 నిమిషాలు చెరువులోనే నిలిచి తప్పించుకోవాలి. ఆ 5 నిమిషాలలో శత్రుపక్షం ఊరుకోదు. గుండ్లు అయిపోయి, సగం నీటితో నిండి, పంపు ధార సన్నగిల్లిన ఓడను దాని యజమాని అలలకు అడ్డంగా తిప్పకుండా మెల్లగా నడుపుకొంటూ ఉంటాడు. నెలల తరబడి రాత్రులు కూర్చొని చేసిన శ్రమ అతని కళ్ళ ముందే ఊగిసలాడుతుంది. అప్పుడు సీసాలో మిగిలిన వాయువు వల్ల అతనికి ప్రయోజనం లేదు. ఓడను నిలబెట్టేది అడుగున అతను తీసిన ఆ సన్నని కాలువే.

మునిగినా ఓడ పోదు. ప్రతి ఓడలోనూ దారం కట్టిన చిన్న బెండు ఒకటి ఉండాలని నియమం. ఓడ అడుగుకు చేరగానే బెండు విడివడి నీటిపైకి తేలుతుంది. యజమాని పోరు ముగిసేదాకా ఆగి, ఆ బెండు వద్దకు పోయి దారం పట్టి ఓడను పైకి లాగుతాడు. బురద కడిగి, బ్యాటరీలు విప్పి, రేడియో ఆరబెట్టి, తూట్లు లెక్కించి, ఒక్కొక్క తూటుపై పలుచని గుడ్డముక్క జిగురుతో అతికిస్తాడు. జిగురు ఆరితే మరుసటి పోరుకు ఓడ సిద్ధం.