పారాయణ గ్రంథము: అచ్చు, కుట్టు

ఇంటిలో పుస్తకము లెన్ని యున్నను పారాయణ గ్రంథపు స్థానము వేరు. నవలను ఒకసారి చదివి ప్రక్కన బెట్టుదుము. రామాయణమో, భాగవతమో యట్లు కాదు. అది దినదినము వ్యాసపీఠముపై తెరువబడును. అత్తగారి చేతినుండి కోడలి చేతికి వచ్చును. కావున దానికి మూడు గుణములు కావలెను: ముసలి కన్నులకు ఆనునట్టి పెద్ద యక్షరము, చేయి పట్టకున్నను తెరచియుండు పుట, రెండు మూడు తరముల మన్నిక. ఈ మూడింటిని ఒక్కచోట కూర్చుట సులభము కాదు. ఒకటి సాధింపబోయిన మరియొకటి చెడుచుండును.

మొదటి చిక్కు మన లిపిలోనే యున్నది. ఆంగ్లాక్షరములు ప్రక్కప్రక్కనే నిలుచును. తెనుగున "స్త్రీ" అను మాట చూడుడు: పైన గుడిదీర్ఘము, క్రింద తకారపు ఒత్తు, దానితో రేఫము. సీసపు టైపుల కాలమున ఇట్టి రూపముల కొరకు వందలకొలది టైపులను వేరువేరు గళ్లలో నుంచుకొనవలసి వచ్చెడిది. తొలి తెనుగు అచ్చుపుస్తకములు మన దేశమున గాక, 1746-47 ప్రాంతమున బెంజమిన్ షుల్జ్ చేత జర్మనీలోని హాలే నగరమున వెలువడినవి. 1805లో విశాఖపట్టణము చేరిన క్రైస్తవ బోధకులలో డెస్ గ్రాంజెస్ అనునతడు తెనిగించిన సువార్తలు 1812లో వంగదేశమందలి శ్రీరామపురమున అచ్చుపడినవి. అనకాపల్లికి అంత చేరువను పుట్టిన వ్రాత అచ్చు కొరకు అంత దూరము పోయినది! అటుపిమ్మట 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులుగారు చెన్నపురిలో ముద్రాలయము స్థాపించి కావ్యపురాణములను అచ్చువేయించిరి.

నేడు అక్షరములను కంప్యూటరు కూర్చుచున్నది. అయినను లిపి స్వభావము మారలేదు. పంక్తుల నడుమ చోటు చాలనియెడల పై పంక్తి ఒత్తు క్రింది పంక్తి గుడిని తాకును; కన్ను తడబడును. చోటు విడిచినచో పుటలు పెరుగును. పుటలు పెరుగునని కాగితము పలుచన చేసినచో వెనుక ప్రక్క యక్షరములు ముందునకు కనబడును. దీనికి నేర్పరులు చేయు ఉపాయము చక్కనిది: ముందుపుట పంక్తి వెనుకనే వెనుకపుట పంక్తి సరిగా పడునట్లు అచ్చువేయుదురు. అప్పుడు నీడ పంక్తుల నడుమ తెల్లని చోట పడక అక్షరముల వెనుకనే దాగును. పుటనెత్తి వెలుతురునకు పట్టి చూచిన ఈ శ్రద్ధ తెలియును. అప్పటికిని గ్రంథము మిక్కిలి లావైన సంపుటములుగా విభజించుటయే మేలు.

రెండవ చిక్కు కుట్టు. పెద్ద కాగితమునకు ఒకవైపు ఎనిమిది, రెండవవైపు ఎనిమిది పుటలు అచ్చువేసి, మూడు మడతలు పెట్టిన పదునారు పుటల ఫారము వచ్చును. ప్రతి ఫారమును మడత నడుమ దారముతో కుట్టి, ప్రక్క ఫారముతో ముడివేయుదురు. ఇట్టి పుస్తకము పీఠముపై చక్కగా విచ్చుకొనును. కాని ఫారము ఫారమున దారము చేరుటచే వెన్ను ఉబ్బును. అందులకే సన్నని గట్టి దారము వాడి, వెన్నును సుత్తితో మెల్లగా తట్టి గుండ్రముగా దిద్దుదురు. మడతలు కోసివేసి జిగురుతో మాత్రమే అంటించిన పుస్తకము చౌక. కాని దినమును బలవంతముగా తెరచుచుండిన వెన్ను పగిలి, ఆకులు ఊడుట కలదు.

మూడవది తేమ. వానకాలమున బెల్లము చెమ్మగిల్లుట అనకాపల్లి గృహిణులకు ఒకరు చెప్పవలసిన పని లేదు. కాగితమును అట్లే గాలిలోని తడిని పీల్చును. అందలి నారపోగులు పొడవున అంతగా పెరుగవు, అడ్డముగా ఉబ్బును. పోగులు వెన్నునకు సమాంతరముగా నున్న ఆకు వెలుపలి వైపునకు స్వేచ్ఛగా సాగును. అడ్డముగా నున్నచో వెన్ను కడ జిగురు బిగియబట్టుటచే ఆకు అలలు తేలును. ఒక విడి కాగితమును నిలువునను అడ్డమునను మెల్లగా వంచి చూడుడు. సులువుగా వంగిన మడత ఏ దిక్కున నుండునో, పోగులు ఆ దిక్కుననే యున్నవి.

జిగురు మైదాపిండిదైన పురుగులకు విందు. దానిలో మైలుతుత్తము కలుపుట బైండింగువారి వాడుక. అది విషము గనుక ఇంట కలుపబూనకుడు. పసిపిల్లల దరికి రానీయకుడు. పుస్తకమును తడిగోడ కానించక, గాలి యాడు చోట నుంచుడు. ముసురు వెలసిన పిమ్మట నీడను విప్పి ఆరనిండు, మండుటెండలో వలదు.

సోదరీమణులారా! పాత గ్రంథమును మరల కుట్టింప నిచ్చునపుడు మూడు మాటలు ముందే చెప్పుడు: మడతలు కోయవద్దు, చినిగిన మడతలను పలుచని కాగితముతో అతికి దారముతోనే కుట్టవలెను, అంచులు కత్తిరింపవద్దు. ఆ అంచుననే మామ్మగారు కఠినపదమునకు అర్థము వ్రాసికొని యుండవచ్చును. మొదటి తెల్లకాగితముపై పిల్లలు పుట్టిన తిథి నక్షత్రములు వ్రాసియుండవచ్చును. అచ్చుపుస్తకము మరియొకటి కొనవచ్చును. ఆ చేతివ్రాత మరల రాదు.